మొదటి వెల్డింగ్ మెషీన్ ఎలా ఎంచుకోవాలి: ముందు గోడ మీది ప్లగ్ చూడండి

ఇంటి గ్యారేజీకి వెల్డింగ్ మెషీన్ కొందామని వెతకడం మొదలుపెట్టగానే కంటికి తగిలేది ఆంప్స్ అంకె. 160, 200, 250, కొన్నిటి మీద 300 కూడా ఉంటుంది. అంకె పెద్దదైతే మెషీన్ గట్టిదని అనిపిస్తుంది. నేనూ అలాగే నమ్మి మొదటిసారి 250 అని రాసున్న మెషీన్ తెచ్చుకున్నాను. గ్యారేజీలో ఉన్న మామూలు ప్లగ్‌కి తగిలించి, 3.15 మిల్లీమీటర్ల రాడ్ పట్టించి, 130 ఆంప్స్ మీద మొదలుపెట్టాను. రెండంగుళాల బీడ్ (కరిగిన లోహం గడ్డకట్టిన అతుకు గీత) పడకముందే బ్రేకర్ పడిపోయింది. మళ్ళీ పైకి ఎత్తాను, మళ్ళీ పడింది. మెషీన్‌లో లోపమేమీ లేదు. అది అడిగినంత కరెంటు ఇచ్చే లైను ఆ గ్యారేజీకి లేదు, అంతే. ఆ తర్వాత రెండేళ్ళు దాన్ని 90 ఆంప్స్ దాటనివ్వకుండా వాడాను. పనిబల్ల, సామాన్లు పెట్టుకునే అరలు, గేటు మడతబందులు, నిచ్చెన మెట్లు, అన్నీ ఆ 90 లోపే అయిపోయాయి.

అందుకే ఈ పనిని అటునుంచి ఇటు చేయమని చెబుతాను. ముందు ఏం అతకాలో తేల్చుకోండి. తర్వాత గోడలో ఎంత కరెంటు దొరుకుతుందో చూడండి. ఈ రెండూ తెలిస్తే ఏ పద్ధతి కావాలో దానంతట అదే తేలుతుంది. ఏ మెషీన్ అన్నది చివర్లో వచ్చే ప్రశ్న.

మొదటి అడుగు: ఏం అతకబోతున్నారో కాగితం మీద పెట్టండి

వచ్చే ఏడాదిలో మీరు నిజంగా చేయబోయే పనులు రాయండి. ఎప్పుడో చేద్దామనుకుంటున్నవి వద్దు. ఒక్కో పనికీ ఎదురుగా మూడు విషయాలు రాయాలి: ఏ లోహం, ఎంత మందం, పని గ్యారేజీ లోపలా బయటా.

మందం అంచనాతో రాయకండి, కొలవండి. వెర్నియర్ లేకపోతే ఒకటి కొనుక్కోండి, వెల్డింగ్ మొదలుపెట్టాక అది రోజూ చేతిలో ఉంటుంది. బయటికి దృఢంగా కనబడే చదరపు పైపు గోడ మందం చాలాసార్లు 1.5 మిల్లీమీటర్లే ఉంటుంది. యాంగిల్, ఫ్లాట్ అయితే 3 నుంచి 6 దాకా ఉంటాయి. కారు బాడీ షీటు 0.7 నుంచి 1 మిల్లీమీటరు మధ్య ఉంటుంది. ఏ లోహమో తెలియకపోతే అయస్కాంతం పెట్టి చూడండి. మామూలు ఇనుముకు గట్టిగా అంటుకుంటుంది. అల్యూమినియానికి అంటదు, ఎక్కువగా వాడే స్టెయిన్‌లెస్ స్టీల్ రకాలకు కూడా దాదాపుగా అంటదు.

కాగితం నిండాక చూసుకుంటే చాలామందికి ఎనభై శాతం పని ఒకే చోట పడుతుంది: 2 నుంచి 6 మిల్లీమీటర్ల మామూలు ఇనుము. ఫ్రేములు, బల్లలు, స్టాండ్లు, విరిగిన పనిముట్లు. మీ కాగితం కూడా అలాగే ఉంటే ఎంపిక చాలా తేలిక. కాగితం నిండా పల్చటి షీటు పనే ఉంటే దారి వేరు, అల్యూమినియం ఉంటే మరీ వేరు. జాబితాలో ఒకే ఒక్క అల్యూమినియం పని ఉంటే దాని కోసం మెషీన్ కొనకండి. ఆ ఒక్క పనీ బయట చేయించుకోండి. పోత ఇనుము సంగతీ అంతే. దాన్ని నికెల్ రాడ్‌తో, ముందు వేడి చేసి, తర్వాత నెమ్మదిగా చల్లార్చి అతకాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదలుపెట్టాల్సిన పని కాదది.

రెండో అడుగు: గోడ ఎంత ఇవ్వగలదో లెక్కకట్టండి

ఈ లెక్క ఎవరూ చెప్పరు గానీ, నా దృష్టిలో మొత్తం ఎంపికలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. కాస్త ఓపికగా చదవండి.

మెషీన్ మీద కనిపించే ఆంప్స్ బయటికి వచ్చేవి, అంటే రాడ్ గుండా పోయేవి. గోడలోంచి లాగేవి వేరు. రాడ్ వెల్డింగ్‌లో ఆర్క్ దగ్గర, అంటే రాడ్ కొనకీ లోహానికీ మధ్య వెలిగే మంట దగ్గర, ఉండే ఓల్టేజీకి ఒక ప్రామాణిక సూత్రం ఉంది: ఆంప్స్‌ని 0.04తో గుణించి 20 కలపాలి. 80 ఆంప్స్ మీద అది 23.2 ఓల్టులు. రెండూ గుణిస్తే సుమారు 1,850 వాట్లు. మెషీన్ లోపల వేడిగా పోయేది పోగా 85 శాతం పనికొస్తుందనుకుంటే గోడ నుంచి 2,200 వాట్ల దాకా కావాలి. ఇంతటితో అయిపోలేదు. ఎలక్ట్రానిక్ బోర్డుతో పనిచేసే సాదా ఇన్వర్టర్ మెషీన్ల పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికి వాడే వాటా, 0.7 దగ్గర ఉంటుంది. ఆ తేడా కూడా కలుపుకుంటే 230 ఓల్టుల లైను మీద 13 నుంచి 14 ఆంప్స్ లాగుతుంది. 16 ఆంప్స్ ప్లగ్‌కి ఇది సరిపోతుంది.

అదే 120 ఆంప్స్ పెడితే గోడ మీద భారం 22 ఆంప్స్ దగ్గరికి పోతుంది. 16 ఆంప్స్ బ్రేకర్ కాసేపు ఓర్చుకుని పడిపోతుంది. నా 250 మెషీన్ కథ ఇదే.

కాబట్టి గ్యారేజీలో ఉన్నది మామూలు 16 ఆంప్స్ ప్లగ్ ఒక్కటే అయితే, సాదా మెషీన్‌తో మీకు నికరంగా దొరికేది 80, 90 ఆంప్స్. దిగులు పడకండి, 2.5 మిల్లీమీటర్ల రాడ్‌కి అంతే కావాలి. ఇంకా కావాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మెయిన్ బోర్డు నుంచి గ్యారేజీకి విడిగా 32 ఆంప్స్ లైను వేయించుకోవడం. అలా వేయించేటప్పుడు సీ రకం బ్రేకర్ పెట్టమనండి. స్విచ్ వేసిన క్షణంలో మెషీన్ ఒక్కసారిగా లాగే కరెంటుకి బీ రకం అనవసరంగా పడిపోతుంటుంది. రెండో దారి, పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ ఉన్న మెషీన్ కొనడం. ధర ఎక్కువ, కానీ అదే 120 ఆంప్స్ వెల్డింగ్‌ని గోడ నుంచి 15, 16 ఆంప్స్‌తోనే చేసిపెడుతుంది. అద్దె ఇంట్లో ఉండి కొత్త లైను వేయించుకోలేనివాళ్ళకు ఈ రకం బాగా కలిసొస్తుంది.

110, 120 ఓల్టుల సరఫరా ఉన్న చోట లెక్క ఇంకా ఇరుకవుతుంది. 120 ఓల్టుల, 15 ఆంప్స్ ప్లగ్ ఇచ్చేది మొత్తం 1,800 వోల్ట్ ఆంపియర్లే. అక్కడ రెండు ఓల్టేజీల మీదా పనిచేసే మెషీన్ తీసుకుని, కుదిరినప్పుడు 240 ఓల్టుల లైనుకి మారడం మంచిది.

ఎక్స్‌టెన్షన్ వైరు తప్పనిసరైతే కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి, చుట్ట మొత్తం విప్పి పరవండి. చుట్టగానే ఉంచితే లోపల వేడి పేరుకుని పైతొడుగు కరుగుతుంది. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్ చేతే చూపించండి. జనరేటర్ మీద నడపాలనుకుంటే 80 ఆంప్స్ పనికి సుమారు 3 కేవీఏ పోతుంది కాబట్టి 5 కేవీఏకి తగ్గకుండా, ఓల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ఉన్నది చూసుకోండి. ఓల్టేజీ ఊగిసలాడే జనరేటర్ ఇన్వర్టర్ బోర్డుని కాల్చేస్తుంది.

మూడో అడుగు: పద్ధతి

ఇంటి గ్యారేజీకి పనికొచ్చేవి నాలుగు: రాడ్, గ్యాస్ లేని ఫ్లక్స్ కోర్ వైరు, గ్యాస్‌తో మిగ్, టిగ్.

రాడ్ వెల్డింగ్ గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చాలామందికి మొదటి మెషీన్ ఇదే కావాలి. రాడ్ మీది పూత కాలుతూ వాయువు పుట్టించి కరిగిన లోహాన్ని గాలి తగలకుండా కాపాడుతుంది, పైన స్లాగ్‌గా గడ్డకడుతుంది. సిలిండర్ అక్కర్లేదు, గాలి వీచే చోటా పని జరుగుతుంది, కొంచెం తుప్పు ఉన్నా సర్దుకుంటుంది. చిన్న ఇన్వర్టర్ మెషీన్ బరువు ఐదారు కిలోలే, భుజానికి తగిలించుకుని పోవచ్చు. చెడిపోవడానికి అందులో కదిలే భాగాలు ఫ్యాన్ తప్ప ఏమీ లేవు.

నేర్చుకోవడానికి 6013 రాడ్ తీసుకోండి. అందులో 60 అంటే అతుకు తట్టుకునే లాగుడు బలం, చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు. తర్వాతి 1 అంటే అన్ని దిశల్లోనూ, అంటే కింద పెట్టీ, నిలువుగానూ, తలపైనా వాడవచ్చని. చివరి అంకె పూత రకం. 2 మిల్లీమీటర్ల రాడ్‌కి 40 నుంచి 60, 2.5కి 60 నుంచి 90, 3.15కి 90 నుంచి 130 ఆంప్స్. ఈ మూడు వరసలు గుర్తుంటే ఎంత మెషీన్ కావాలో మీకే తెలిసిపోతుంది. 160 ఆంప్స్ నిజంగా ఇచ్చే మెషీన్ ఇంటి పనికి చాలినంత, ఇంకా మిగులు కూడా. 10 మిల్లీమీటర్ల దిమ్మెనైనా అంచులు చెక్కి, 3.15 రాడ్‌తో మూడు నాలుగు వరసలు పోసుకుంటూ అతకవచ్చు. ఒక్క వరసలో నింపాలన్న పట్టింపు ఫ్యాక్టరీకి ఉంటుంది, గ్యారేజీలో అంత తొందర ఎవరికుంది?

7018 రాడ్ ఇంకా గట్టి అతుకునిస్తుంది. బరువు మోసే వాటికి అదే మంచిది. కానీ తేమ తగిలితే అతుకులోకి హైడ్రోజన్ చేరి పగుళ్ళు వస్తాయి. ప్యాకెట్ విప్పి అరలో వదిలేసే అలవాటుంటే దాని జోలికి పోవద్దు.

రాడ్‌తో బాధ ఎక్కడంటే పల్చటి లోహం దగ్గర. 1.5 మిల్లీమీటర్లకు లోపు వెళితే బొక్కలు పడతాయి. మొదటి వారమంతా రాడ్ అతుక్కుపోతూనే ఉంటుంది. రాడ్ లోపలి కడ్డీ ఎంత మందమో ఆర్క్ కూడా అంతే దూరంలో పట్టుకోవాలి, రాడ్ కాలే కొద్దీ చేతిని కిందికి దించుతూ పోవాలి. ఈ రెండు పనులు చేతికి అలవాటు కావడానికి రెండు కిలోల రాడ్లు కాల్చాలి. అంతకుముందే మెషీన్ బాగాలేదని నిర్ణయానికి రావద్దు.

ఫ్లక్స్ కోర్ అంటే వైరు లోపలే పూత పొడి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే వైరు దానంతటదే వస్తుంది, గ్యాస్ అక్కర్లేదు. బయట పనికి బాగుంటుంది. చిందులు ఎక్కువ, పొగ ఎక్కువ. కొనేముందు ఒక్క విషయం చూడండి: పోలారిటీ మార్చుకునే వీలుందా? గ్యాస్ లేని వైరుకి టార్చ్ నెగటివ్‌కి ఉండాలి, గ్యాస్‌తో వాడే ఘన వైరుకి పాజిటివ్‌కి. మార్చే వీలు లేని మెషీన్ ఎప్పటికీ ఒకే రకం వైరుకి కట్టుబడి ఉంటుంది. కొత్తవాళ్ళు చిందులతో విసిగిపోయి మెషీన్‌ని తిట్టుకునే చోట సగం సార్లు అసలు కారణం తప్పు పోలారిటీయే.

గ్యాస్‌తో మిగ్‌లోనూ వైరు దానంతటదే వస్తుంది, అతుకుని కాపాడేది సిలిండర్ గ్యాస్. పల్చటి షీటుకి, కారు బాడీకి ఇదే సరైన మందు. 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల వైరు, ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిసిన గ్యాస్ నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు. గోడ మీద భారం కూడా తక్కువే, ఎందుకంటే ఆర్క్ ఓల్టేజీ తక్కువ. మిగ్‌లో 100 ఆంప్స్ లాగే కరెంటు రాడ్‌లో 80 ఆంప్స్ లాగేదానితో సమానం. రెండు మూడు గంటల్లోనే అందమైన బీడ్ వస్తుంది. నన్ను భయపెట్టేది ఆ అందమే. 5 మిల్లీమీటర్ల ఇనుము మీద చిన్న మిగ్‌తో వేసిన బీడ్ చూడటానికి ముచ్చటగా ఉండి, కింద లోహంలోకి దిగకుండా పైపైన కూర్చుని ఉండొచ్చు. రాడ్‌లో తప్పు చేస్తే వికారంగా కనబడి తెలిసిపోతుంది, మిగ్‌లో తెలియదు. సిలిండర్ ఖర్చు, నింపించుకోవడానికి ఎంత దూరం పోవాలి అన్నవి కూడా ముందే కనుక్కోండి. గ్యాస్ వాడుతుంటే తలుపు దగ్గర గాలి వీచినా అతుకులో చిల్లులు పడతాయి.

టిగ్, అంటే కరగని టంగ్‌స్టన్ కొనతో ఆర్క్ వెలిగించే పద్ధతి: నెమ్మది, శుభ్రత, అందం. ఒక చేత్తో టార్చ్, ఒక చేత్తో తీగ, చాలాసార్లు కాలితో పెడల్. దానికి స్వచ్ఛమైన ఆర్గాన్ కావాలి. ఇక్కడ ఒక మోసపు మాట వింటుంటాం. డీసీ రాడ్ మెషీన్ల మీద లిఫ్ట్ టిగ్ అని రాసి ఉంటుంది. అది నిజమే, ఇనుము, స్టెయిన్‌లెస్ స్టీల్ దానితో అతకవచ్చు. అల్యూమినియం మాత్రం అతకలేరు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దాని మీద పట్టే ఆక్సైడ్ పొర 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఆ పొరని ఊడగొట్టడానికి ఏసీ కావాలి. అల్యూమినియం కోసం కొనేటట్టయితే మెషీన్ మీద ఏసీ, డీసీ రెండూ ఉన్నాయో లేదో చూడండి.

అన్నీ ఒకే డబ్బాలో చేసే మెషీన్ల మాట అడుగుతారు. మిగ్, రాడ్ రెండూ నిజంగా వాడేవాళ్ళకు బాగానే ఉంటాయి. కానీ అందులో ఒక భాగం చెడితే అన్ని పనులూ ఆగిపోతాయి. మొదటి మెషీన్‌గా ఒక్క పని బాగా చేసేదే నేను తీసుకుంటాను.

నాలుగో అడుగు: వెనక ఉన్న ప్లేటు చదవండి

ముందు రంగులతో రాసిన అంకెని పక్కన పెట్టి, మెషీన్ వెనకో కిందో ఉండే రేటింగ్ ప్లేటు వెతకండి. ప్లేటే లేకపోతే ఆ మెషీన్ కొనవద్దు.

ఎక్స్ అనే గుర్తు పక్కన ఉన్న శాతమే డ్యూటీ సైకిల్. ఇది పది నిమిషాల లెక్క. 160 ఆంప్స్ కింద 30 శాతం అని ఉంటే, 160 మీద మూడు నిమిషాలు అతికి ఏడు నిమిషాలు చల్లారనివ్వాలి. ఆంప్స్ తగ్గిస్తే సమయం పెరుగుతుంది. ఆ 30 శాతం మెషీన్ 113 ఆంప్స్ మీద ఆరు నిమిషాలు, 87 మీద ఆగకుండా పనిచేస్తుంది. నిజానికి రాడ్ వెల్డింగ్‌లో 2.5 రాడ్ సుమారు నిమిషంలో అయిపోతుంది. తర్వాత స్లాగ్ కొట్టాలి, బ్రష్ చేయాలి, కొత్త రాడ్ పెట్టాలి. కాబట్టి ఇంట్లో రాడ్ వాడేవాళ్ళు డ్యూటీ సైకిల్ గురించి ఎక్కువ టెన్షన్ పడక్కర్లేదు. మిగ్‌లో మాత్రం ఆపకుండా పోతుంటాం కాబట్టి దానికి ఎక్కువ శాతం చూసుకోవాలి. ఈ శాతాలు 40 డిగ్రీల గాలిలో కొలిచినవా అన్నదీ చూడండి. 20 డిగ్రీల మీద కొలిచి గొప్పగా రాసుకునేవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు అంకె నిజమో అబద్ధమో పట్టుకునే పద్ధతి. ప్లేటు మీద ఐ వన్ మ్యాక్స్ అని లోపలికి తీసుకునే గరిష్ఠ కరెంటు ఉంటుంది. దాన్ని లైను ఓల్టేజీతో గుణించండి. 250 ఆంప్స్ అని చెప్పే మెషీన్‌కి 230 ఓల్టుల దగ్గర 20 ఆంప్స్ అని ఉందనుకోండి, లోపలికి పోయేది 4,600. మన సూత్రం ప్రకారం 250 ఆంప్స్ రాడ్ వెల్డింగ్‌కి ఆర్క్ దగ్గరే 30 ఓల్టులు, అంటే 7,500 వాట్లు కావాలి. లోపలికి 4,600 పోతే బయటికి 7,500 ఎలా వస్తుంది? రాదు. ఆ అంకె అలంకారం మాత్రమే. కొట్లో నిలబడి రెండు నిమిషాల్లో చేయగల లెక్క ఇది.

యూ జీరో అంటే రాడ్ తాకకముందు ఉండే ఓల్టేజీ. 60 నుంచి 80 మధ్య ఉంటే ఆర్క్ సులువుగా వెలుగుతుంది. 7018 వాడాలనుకుంటే 70కి తగ్గకుండా చూడండి. వీఆర్‌డీ అని ఉంటే పని చేయనప్పుడు ఈ ఓల్టేజీని బాగా తగ్గించే ఏర్పాటు, తడి చోట్ల అది ప్రాణాలు కాపాడుతుంది.

హాట్ స్టార్ట్, ఆర్క్ ఫోర్స్, యాంటీ స్టిక్ అనే మూడూ కొత్తవాళ్ళకు నిజంగా సాయపడేవే. మొదటిది ఆర్క్ వెలిగించేటప్పుడు కాస్త ఎక్కువ కరెంటు ఇస్తుంది, రెండోది రాడ్ మరీ దగ్గరైతే ఆరిపోకుండా ఆపుతుంది, మూడోది అతుక్కుపోతే కరెంటు తగ్గించి రాడ్ ఎర్రబడకుండా చూస్తుంది.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్ తక్కువకి దొరికితే? బరువు, కరెంటు లాగడం రెండూ ఎక్కువే. ఏసీ మీద ఆర్క్ సెకనుకి వందసార్లకు తక్కువ కాకుండా ఆరి వెలుగుతుంది కాబట్టి నేర్చుకునేవాళ్ళకు కాస్త కష్టం. కానీ చుట్టలు కాలకపోతే అది మనకన్నా ఎక్కువకాలం బతుకుతుంది. గట్టి లైను ఉన్నవాళ్ళు తీసుకోవచ్చు. ఇన్వర్టర్‌కి శత్రువు గ్రైండర్ దుమ్ము. ఫ్యాన్ ఆ ఇనుప రజనుని లోపలికి లాగి బోర్డు మీద పరుస్తుంది, ఒకరోజు షార్ట్ అవుతుంది. గ్రైండింగ్ చేసేటప్పుడు మెషీన్‌ని దూరంగా పెట్టండి. అప్పుడప్పుడు ప్లగ్ తీసి, కాసేపు ఆగి, పొడి గాలితో ఊదండి.

ఐదో అడుగు: మెషీన్‌కి పోను మిగలాల్సిన డబ్బు

చేతిలో ఉన్నదంతా మెషీన్ మీద పెట్టేయకండి. సగం దాకా మిగతావాటికి ఉంచుకోండి.

అందులో మొదటి వాటా హెల్మెట్‌ది. మొదటి నెలలో ఒకసారి చిన్న టాక్ (ముక్కలు కదలకుండా వేసే చుక్క అతుకు) వేయడానికి బద్ధకించి కళ్ళు మూసుకుని అంటించాను, అదీ నాలుగైదు సార్లు. పగలంతా ఏమీ తెలియలేదు. అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టయి లేచి కూర్చున్నాను, తెల్లారేదాకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆర్క్‌లోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరని కాల్చితే ఇలాగే గంటల తర్వాత తెలుస్తుంది. పక్కన నిలబడి చూసేవాళ్ళకీ, పిల్లలకీ, ఇంట్లో తిరిగే పెంపుడు జంతువులకీ ఇది వర్తిస్తుంది.

దానంతటదే నల్లబడే హెల్మెట్ కొనండి. రాడ్ ఎక్కడ ఆనుతుందో ముందే కనబడుతుంది కాబట్టి నేర్చుకోవడం సగం తేలికవుతుంది. నలుపు 9 నుంచి 13 దాకా మార్చుకునేది కావాలి. 160 ఆంప్స్ లోపు రాడ్ పనికి 10 దగ్గర మొదలుపెట్టండి. ఈఎన్ 379 (దాని స్థానంలో ఇప్పుడు వచ్చినది ఈఎన్ ఐఎస్ఓ 16321) లేదా ఏఎన్ఎస్ఐ జెడ్ 87.1 ప్రమాణం గుర్తు ఉండాలి. సెన్సర్లు నాలుగున్నది మంచిది, రెండే ఉంటే పైపు అడ్డొచ్చినప్పుడు అద్దం తెల్లబడిపోతుంది.

తర్వాత తోలు చేతితొడుగులు, నూలు బట్టలు. సింథటిక్ బట్ట నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. తర్వాత గ్రైండర్, దాని కోసం విడిగా కళ్ళజోడు. చిప్పింగ్ సుత్తి, వైరు బ్రష్, నాలుగు బిగింపు క్లాంపులు. మెషీన్‌తో వచ్చే ఎర్త్ క్లాంపు, అంటే రెండో కేబుల్‌ని అతికే లోహానికి కరిపించేది, చాలాసార్లు రేకు ముక్కలా ఉంటుంది. దాన్ని మార్చండి. అది సరిగా కరవకపోతే ఎంత మంచి మెషీన్ అయినా ఆర్క్ తడబడుతుంది. కేబుల్ 16 చదరపు మిల్లీమీటర్ల రాగిదైతే 160 ఆంప్స్ దాకా నిశ్చింత.

ఆరో అడుగు: కొనేచోట కాల్చి చూడండి

ఒక గుప్పెడు 6013 రాడ్లు, 2.5 మిల్లీమీటర్లవి, రెండు 3 మిల్లీమీటర్ల ఫ్లాట్ ముక్కలు వెంట తీసుకెళ్ళండి. 80 ఆంప్స్ పెట్టి మూడు రాడ్లు వరసగా కాల్చండి. మీకు రాకపోతే వచ్చినవాళ్ళని తోడు తీసుకెళ్ళండి. మంచి ఆర్క్ చప్పుడు నూనెలో వేగుతున్నట్టు ఒకే తీరున ఉంటుంది, పటపటమని తెగుతూ ఉండదు. తర్వాత 50కి తగ్గించి, సన్నటి రాడ్‌తో ఆర్క్ నిలుస్తుందో లేదో చూడండి. చౌక మెషీన్లు పడిపోయేది ఇక్కడే, ఎక్కువ ఆంప్స్ దగ్గర కాదు. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఉంటే కేబుల్‌కి తగిలించి తెర మీద చెప్పే అంకెతో పోల్చండి.

మిగ్ అయితే టార్చ్ ఊడదీసి మార్చుకునేదేనా, దాని టిప్పులు, నాజిళ్ళు అన్నిచోట్లా దొరికే రకమేనా అని అడగండి. బాగుచేసేవాళ్ళు ఎవరు, బోర్డు దొరుకుతుందా అన్నది వారంటీ కాగితం కన్నా ముఖ్యం.

ఏడో అడుగు: మొదటి ఆర్క్‌కి ముందు గ్యారేజీ

నిప్పురవ్వలు చాలా దూరం దొర్లుతాయి. చుట్టూ 11 మీటర్ల దాకా కాలే వస్తువులు తీసేయాలన్నది ఈ రంగంలో పాటించే నియమం. గ్యారేజీ అంత ఉండదు కాబట్టి పెట్రోలు, థిన్నరు, అట్టపెట్టెలు, రంపపు పొట్టు బయట పెట్టి, కదపలేని వాటి మీద నిప్పు తట్టుకునే దుప్పటి కప్పండి. మంటలార్పే సిలిండర్ చేతికందే చోట ఉండాలి. పని ముగిశాక కనీసం అరగంట, వీలైతే గంట అక్కడే ఉండండి. నిప్పు రాజుకోవడానికి సమయం తీసుకుంటుంది.

తలుపు తెరిచి, పొగ మీ ముఖం ముందు నుంచి కాకుండా పక్కకి పోయేలా నిలబడండి. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని 2017లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. జింకు పూత ఉన్న జీఐ పైపుని అలాగే అతకవద్దు. జింకు 907 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది, ఇనుము కరగడానికి 1,500 డిగ్రీల దాకా కావాలి. అంటే ఇనుము కరిగేలోపు జింకు అంతా పొగై మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. అతుకుకి ఇరువైపులా రెండు మూడు సెంటీమీటర్లు పూత గీకేయండి, మాస్కు పెట్టుకోండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన లోహాన్ని అసలే అంటించకండి, ఆర్క్ వెలుగుకి అందులోంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఒకప్పుడు ఇంధనం ఉన్న డబ్బా, ట్యాంకు ఖాళీగా కనిపించినా తాకవద్దు.

బండి మీద పనైతే బ్యాటరీ తీగలు తీసేసి, ఎర్త్ క్లాంపుని అతుకుకి దగ్గరగా పెట్టండి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా మెషీన్ దగ్గరికి రావద్దు.

ఇక రాడ్ పెట్టి మొదలుపెట్టండి. మొదటి పది రాడ్లు పనికిరాని ఫ్లాట్ మీద వరసలు పోయడానికే. చేయి కుదురుకున్నాక 3 మిల్లీమీటర్ల ముక్క మీద ఇంకోదాన్ని నిలువుగా పెట్టి, ఒక్క వైపే బీడ్ వేయండి. చల్లారాక వైస్‌లో బిగించి, బీడ్ లేని వైపు నుంచి సుత్తితో కొట్టి, నిలువు ముక్కని బీడ్ మీదికి వంచండి. అతుకు విరిగితే లోపల చూడండి. మొదట కోసిన అంచు గీత చెక్కుచెదరకుండా కనబడితే లోహం కరగలేదన్నమాట, 5 ఆంప్స్ పెంచి మళ్ళీ వేయండి. నల్లటి స్లాగ్ చిక్కుకుని ఉంటే చేయి నెమ్మదిగా పోయిందనో, రాడ్ కోణం తప్పిందనో అర్థం. విరగకుండా పూర్తిగా వంగిపోయిన రోజు, ఆ రాడ్, ఆ మందం, ఆ ఆంప్స్ మూడూ మెషీన్ మీద సుద్దతో రాసి పెట్టుకోండి.